ఓబులేశు అన్న పేరుకు అర్థం ఏమిటి? ఇప్పటి బాబుకు పెట్టొచ్చా?

మధ్యలో వచ్చి చదివేవాళ్ల కోసం ముందు ప్రశ్న ఏమిటో చెప్పేస్తాను. అడిగిన అమ్మాయి అమెరికాలో ఉంటోంది. సంక్రాంతి దాటాక కాన్పు, బాబేనని అక్కడి డాక్టర్లు చెప్పారు. భర్త తాతగారిది ప్రొద్దుటూరు దగ్గరి పల్లె, పేరు ఓబులేసు. ఆ పేరే పెట్టాలని అత్తగారి పట్టు. "అర్థం ఏమిటో ఎవరూ సరిగ్గా చెప్పడం లేదు. నెట్‌లో ఒకచోట శివుడని ఉంది, ఇంకోచోట బలశాలి అని ఉంది. ఈ రోజుల్లో ఎవరైనా పెడుతున్నారా? పిల్లాణ్ణి ఏడిపిస్తారేమోనని టెన్షన్‌గా ఉంది" అని అడిగింది.

అమ్మా, నేను ఆళ్లగడ్డ వైపు వాణ్ణి. కాలేజీలో తెలుగు చెప్పి రిటైరయ్యాను. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు పోగేసుకోవడం నాకు పాత పిచ్చి. కాబట్టి జవాబు కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

ఓబులేశు అంటే అహోబలేశుడు. అంటే అహోబిలం నరసింహస్వామి. శివుడు కాదు. పేరు చివర 'ఈశ' కనిపించగానే శివుడని రాసేస్తుంటారు. ఆ లెక్కన వెంకటేశు కూడా శివుడే కావాలి. 'బలశాలి' అన్నది పూర్తిగా తప్పు కాదుగానీ, ఆ బలం పిల్లాడిది కాదు, స్వామిది. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన నరసింహుణ్ణి చూసి దేవతలు "అహో బలం, అహో బలం" అన్నారనీ, అదే ఆ చోటికి పేరైందనీ మా వైపు చిన్నపిల్లలు కూడా చెబుతారు. "అహో వీర్యం అహో శౌర్యం అహో బాహుపరాక్రమం, నారసింహం పరం దైవం అహోబలం అహోబలం" అన్న శ్లోకం అక్కడ గుడికి వెళ్లినవాళ్లంతా వినే ఉంటారు. ఇంకో కథ ప్రకారం స్వామి వెలసింది గుహలో గనుక అది అహో'బిలం'. ఇప్పుడు బోర్డుల మీద, బస్సుల మీద ఉండేది బిలమే. కానీ మనుషుల పేర్లు చూడండి: ఓబులేశు, ఓబులమ్మ, ఓబుల్ రెడ్డి. వాడుకలో నలిగిన ఈ రూపాల్లో 'బి' వినపడదు. మనుషుల పేర్ల వరకు పాత రూపం అహోబలమే.

ఇక అహోబల ఓబుల ఎలా అయ్యిందంటే, దీంట్లో పెద్ద మర్మమేం లేదు. నోట్లో 'హ' నిలవదు. అది జారిపోగానే ముందున్న 'అ' వెనకున్న 'ఓ'లో కలిసిపోయి ఓబల అవుతుంది. 'బ' పెదవులతో పలికే అక్షరం కాబట్టి దాని పక్కన అకారం ఉకారం వైపు ఒరిగి ఓబుల అయింది. అహోబల, ఈశ కలిస్తే అహోబలేశ. అది పల్లె నోట ఓబులేశు. పలికేటప్పుడు 'శ' కూడా 'స' అవుతుంది గనుక మీవారి తాతగారు ఓబులేసు. శాసనాల్లో అయితే ఔభళ, ఔబళ, ఓబళ అని రకరకాలుగా కనిపిస్తుంది. విజయనగరం కాలంలో ఔభళరాజులు ఉన్నారు, ఔభళయ్యలు ఉన్నారు. అంటే ఇది ఏదో చదువురాని పల్లెటూళ్లో వంకర తిరిగిన పేరు కాదు. రాజుల ఇళ్లలో, శాసనాలు చెక్కే చోట కూడా వాడుకలో ఉన్న రూపాలకు దగ్గరిది.

దీనికి నాకు బాగా ఇష్టమైన సాక్ష్యం ఒకటుంది. తెలుగు వ్యాకరణం చదివినవాళ్లకు అహోబలపండితీయం తెలిసే ఉంటుంది. ఆంధ్రశబ్దచింతామణి అనే తెలుగు వ్యాకరణానికి సంస్కృతంలో వచ్చిన పెద్ద వ్యాఖ్యానం అది. అసలు పేరు కవిశిరోభూషణం, కానీ రాసినాయన పేరుతోనే ప్రసిద్ధికెక్కింది. ఆ మహాపండితుడి ఇంటిపేరు గాలి, పేరు ఓబళయ్య. ఇంట్లో ఓబళయ్య, పుస్తకం మీద అహోబల పండితుడు. ఒకే మనిషికి ఒకే పేరు రెండు వేషాల్లో! ఈ మాట గుర్తుంచుకోండి, మీకు చివర్లో పనికొస్తుంది. సంగీతంలో ఇంకో అహోబలుడు ఉన్నాడు. 17వ శతాబ్దంలో సంగీత పారిజాతం రాసింది ఆయనే. వీణ తీగ మీద ఏ స్వరం ఎక్కడ పలుకుతుందో తీగ పొడవును భాగాలు చేసి కొలిచి చెప్పాడు. హిందుస్తానీ సంగీతం వాళ్లకు ఆ గ్రంథమంటే ఇప్పటికీ గౌరవం. అంతకు చాలా ముందే, కవిత్రయంలో చివరివాడైన ఎఱ్ఱన తన నృసింహపురాణాన్ని అంకితమిచ్చింది అహోబల నరసింహుడికే.

అర్థం అయిపోయింది. కానీ అర్థం తెలిసినంత మాత్రాన ఈ పేరు సంగతి తెలిసినట్టు కాదమ్మా. ఓబులేశు అన్నది ఒక కొండ పేరు, ఒక సీమ పేరు. మీవారి తాతగారిది ఏ జిల్లానో మీరు చెప్పకపోయినా, పేరు వినగానే సుమారుగా చెప్పగలిగేవాణ్ణి.

ఎలాగంటారా? నరసింహస్వామి ఒక్కడే, కానీ తెలుగు నేల మీద ఆయన ఎన్ని కొండలెక్కాడో అన్ని పేర్లు జనానికి ఇచ్చాడు. సింహాచలం చుట్టుపక్కల పుడితే సింహాద్రి, అప్పన్న, అప్పలనాయుడు, అప్పలరాజు. నెల్లూరు జిల్లాలో పెంచలకోన స్వామి మొక్కుబడి అయితే పెంచలయ్య, ఆడపిల్ల అయితే పెంచలమ్మ. కందుకూరు వైపు మాలకొండ ఉంది, శనివారం మాత్రమే గుడి తెరుస్తారు. ఆ వైపు మాలకొండయ్యలు, మాల్యాద్రులు. తెలంగాణలో యాదగిరిగుట్ట స్వామి పేరు మీద యాదగిరి, యాదయ్య, యాదమ్మ లెక్కకు మించి ఉన్నారు. నిజామాబాద్ జిల్లా భీమ్‌గల్ దగ్గర లింబాద్రి గుట్ట, అటువైపు లింబాద్రులు. కదిరి స్వామి పేరున కదిరప్పలు. మా నంద్యాల జిల్లాలోనే బేతంచెర్ల దగ్గర మద్దిలేటి స్వామి ఉన్నాడు. మద్దిలేటి అన్న పేరు వింటే ఆ మనిషి కర్నూలు, నంద్యాల వైపు వాడని మారు మాట లేకుండా అనుకోవచ్చు. అలాగే అహోబిలం స్వామికి ఓబులేశు. కర్నూలు, నంద్యాల, కడప, అనంతపురం ఈ పేరుకు పుట్టిల్లు.

కోస్తాలో నరసింహారావు, తెలంగాణలో నర్సింలు అనే పేర్లు ఎక్కడైనా పుట్టొచ్చు. ఓబులేశు అలా కాదు. అందుకే గుంటూరు వాళ్లకో, వరంగల్ వాళ్లకో ఇది వింతగా వినిపిస్తుంది, అర్థం తెలియదంటారు. పెంచలయ్య అంటే మా ఊళ్లోనూ కొత్త పిల్లలకు తెలియదు. అది పేరు తప్పు కాదు, దూరం.

అహోబిలం ఒక్కటే కాదు, ఆ పేరు సీమంతా పాకింది. అనంతపురం జిల్లా ఉరవకొండ దగ్గర పెన్న ఒడ్డున పెన్నహోబిలం ఉంది. శ్రీసత్యసాయి జిల్లాలో ఓబులదేవరచెరువు, అందరూ ఓడీసీ అంటారు, ఏదో కంపెనీ పేరులా ఉంటుంది. రైల్వే వాళ్లకు తెలిసిన ఓబులవారిపల్లె, గనుల గొడవల్లో పేపర్లకెక్కిన ఓబుళాపురం, ఇవన్నీ ఆ మాట నుంచి వచ్చినవే. సరిహద్దు దాటి కన్నడ దేశంలోకి పోతే చిత్రదుర్గం, బళ్లారి వైపు ఓబళేశ, ఓబయ్య, ఓబణ్ణ కనిపిస్తారు. 18వ శతాబ్దంలో హైదరాలీ సైనికులు చిత్రదుర్గం కోట కంతలోంచి దూరుతుంటే రోకలి పట్టుకుని ఎదురు నిలిచిన ఒనకె ఓబవ్వ పేరు కన్నడ పిల్లలందరికీ పాఠం. ఒనకె అంటే రోకలి. ఆ పక్క ఈ పేరు వింటే ఎవరూ నవ్వరు, ఛాతీ విరుచుకుంటారు.

మన దగ్గర మాత్రం వీరులు లేరా? ఉయ్యాలవాడ నరసింహారెడ్డి 1846లో ఈస్టిండియా కంపెనీ మీద తిరగబడ్డప్పుడు ఆయన వెంట నిలిచిన ముఖ్యుడు వడ్డె ఓబన్న. 1847 ఫిబ్రవరిలో నరసింహారెడ్డిని కోయిలకుంట్లలో ఉరి తీశారు. ఇప్పుడు ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జనవరి 11న ఓబన్న జయంతి జరుపుతోంది. నాకు ఈ జంట పేర్లు భలే అనిపిస్తాయి. దొర పేరు నరసింహుడిది, దళపతి పేరూ నరసింహుడిదే. ఒకటి సంస్కృతంలో, ఒకటి ఊరి మాటలో.

రాజకీయాల్లో 1977, 1980 ఎన్నికల్లో కడప నుంచి లోక్‌సభకు గెలిచింది కందుల ఓబుల్ రెడ్డి. నిప్పో బ్యాటరీల పారిశ్రామికవేత్త పి. ఓబుల్ రెడ్డి పేరున హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఒక పెద్ద బడి నడుస్తోంది. అక్కడ చదివే పిల్లల టీషర్టుల మీద రోజూ ఉండే పేరు మీకు అమెరికాలో టెన్షన్ పెడుతోంది, చూడండి చిత్రం!

ఇంత గట్టిగా ఈ సీమకే ఎందుకు పట్టుకుంది అంటే, పేరున్న గుడి ఒకటి ఉండటం చాలదు. అహోబిలం పెద్ద క్షేత్రమే. తిరుమంగై ఆళ్వారు పాడాడు, శ్రీకృష్ణదేవరాయలు కళింగ దండయాత్ర నడుమ 1515లో వచ్చి నగలు, గ్రామాలు సమర్పించాడు, 14వ శతాబ్దం చివర పుట్టిన అహోబిల మఠం దేశమంతా తెలుసు. కానీ రాయలు వచ్చి పోతే పల్లెల్లో పిల్లలకు పేర్లు పడవు. పేర్లు పడింది పార్వేట వల్ల అని నా నమ్మకం.

పార్వేట మీరు చూసి ఉండరు. కనుమ రోజు దిగువ అహోబిలం నుంచి స్వామి పల్లకి బయలుదేరుతుంది. చెంచులు విల్లు ఎక్కుపెట్టి పల్లకి మీదికి బాణాలు వేస్తే గానీ యాత్ర మొదలు కాదు. స్వామి చెంచులక్ష్మిని పెళ్లాడి వాళ్లకు అల్లుడయ్యాడు కదా, అదొక వేళాకోళం, అదొక హక్కు. అక్కడి నుంచి నలభై రోజులకు పైగా చుట్టుపక్కల ముప్పైకి పైగా ఊళ్లు తిరుగుతాడు. ఎందుకయ్యా అంటే, తన పెళ్లికి జనాన్ని పిలవడానికి. ఫాల్గుణంలో బ్రహ్మోత్సవాలు మొదలయ్యే వేళకు తిరిగి కొండకు చేరతాడు. దేవుడి పెళ్లికి దేవుడే ఇంటింటికీ వచ్చి పిలవడం ఇంకెక్కడైనా ఉందో లేదో గానీ, మా ఊళ్లలో ఇది తరతరాల హక్కు.

పల్లకి ఏ ఊళ్లో ఎక్కడ ఆగాలో పూర్వం నుంచి లెక్క ఉంది. ఆ అరుగుల్ని తెలుపులు అంటాం. పల్లకి వస్తుందంటే ముందు రోజే తెలుపు కడిగి సున్నం కొట్టి ముగ్గులు వేస్తారు. బోయీలు పల్లకి దించీ దించకముందే టెంకాయల చప్పుడు మొదలవుతుంది. అల్లుళ్లు, కూతుళ్లు పండక్కి రాకపోయినా పార్వేటకు వస్తారు. అప్పుడు చూడాలి, చంటిబిడ్డల్ని ఎత్తుకున్న తల్లులు జనం మధ్యలోంచి తోసుకుంటూ వచ్చి బిడ్డ తలను పల్లకి కర్రకు ఆనిస్తారు. "ఓబులేసా, నీ పేరే పెట్టినాం, నువ్వే సూసుకో" అని చెప్పేసి పోతారు. పంతులూ లేడు, పంచాంగమూ లేదు. పిల్లలు కలగనివాళ్లు కూడా ఆ తెలుపు దగ్గరే మొక్కుకుంటారు, కొడుకు పుడితే ఓబులేసు, కూతురైతే ఓబులమ్మ అని. తిరుమల కొండకు మనం పోవాలి. ఈయన మన వీధిలోకి వస్తాడు. వీధిలోకి వచ్చే దేవుడి పేరు పిల్లలకు పడకుండా ఎలా ఉంటుంది?

కులాన్ని బట్టి రూపం మారేది. రెడ్లలో ఓబుల్ రెడ్డి, రాజుల్లో ఓబుళరాజు, బ్రాహ్మణుల్లో అహోబలరావు, అహోబలశాస్త్రి, వైష్ణవుల్లో అహోబిలాచారి, మిగతావాళ్లలో ఓబన్న, ఓబయ్య, ఓబులేసు, ఓబులపతి. ఇదేం రాతిగీత కాదు, అటూ ఇటూ చాలానే దొర్లాయి. కానీ మాలపల్లె నుంచి అగ్రహారం దాకా ఒకే దేవుడి పేరు పెట్టుకున్నారన్నది మాత్రం నిజం. పేరు మీద చిన్నచూపు ఎక్కడ మొదలైందో కూడా ఇందులోనే ఉంది. సంస్కృతం నిలిచిన అహోబలశాస్త్రి గౌరవం, నలిగిన ఓబులేసు మోటు. రెండింటిలోనూ ఉన్నది అదే స్వామి.

ఇప్పుడు ఎవరైనా పెడుతున్నారా అన్న ప్రశ్నకు వస్తాను. మన దేశంలో ఏ ఏడు ఏ పేరు ఎందరికి పెట్టారో ప్రభుత్వం జాబితా వేయదు. కాబట్టి 'ఇండియాలో ఇన్నో ర్యాంకు' అని ఏ వెబ్‌సైటు చెప్పినా నమ్మకండి. మీ అమెరికాలో సోషల్ సెక్యూరిటీ వాళ్లు ఏటా జాబితా వేస్తారు గానీ, ఒక ఏడాదిలో కనీసం ఐదుగురు పిల్లలకు పెట్టిన పేర్లే అందులో ఉంటాయి. ఈ పేరు ఆ గీత దాటుతుందని నేననుకోను. నాకు తెలిసింది నా అటెండెన్స్ రిజిస్టరు. నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో క్లాసుకు ఇద్దరు ముగ్గురు ఓబులేసులు ఉండేవాళ్లు. పేరు పిలిస్తే మూడు మూలల నుంచి "ప్రెజెంట్ సార్" వచ్చేది. తాత పేరు మనవళ్లందరికీ పెట్టడం సీమలో ఆనవాయితీ. అన్నదమ్ములు ముగ్గురుంటే ముగ్గురి కొడుకులూ ఓబులేసులే. అప్పుడు పెద్ద ఓబులేసు, నడిపి ఓబులేసు, చిన్న ఓబులేసు. రిజిస్టరులో సి. ఓబులేసు అని ఉంటే ఆ 'సి' ఇంటిపేరు అనుకునేరు, చాలాసార్లు అది 'చిన్న'! రిటైరయ్యే నాటికి ఆ పేరు పిల్లల గడిలో పోయి తండ్రి పేరు గడిలోకి జరిగింది. ఇప్పుడు తాత పేరు గడి అంటూ ఉంటే అందులో కనిపిస్తుంది.

ఎందుకు పోయింది? పేరు బాగాలేక కాదు. మొదట రమేశ్, సురేశ్‌లు వచ్చారు, రేడియో, సినిమా పుణ్యమా అని ఊరు తెలియని పేర్లు గొప్పవయ్యాయి. తర్వాత సాయి వచ్చాడు. ఆ తర్వాత రెండక్షరాల పేర్లు, వాటికి అర్థం పెట్టినవాళ్లకే తెలియదు. మధ్యలో సినిమాలవాళ్లు చేయాల్సిన నష్టం చేశారు. ఫ్యాక్షన్ కథలో గొడ్డలి పట్టినవాడికి ఓబుల్ రెడ్డి, కామెడీలో తన్నులు తినే పనివాడికి ఓబులేసు. సీమ యాస లాగే సీమ పేరును కూడా నవ్వడానికో భయపెట్టడానికో వాడుకున్నారు. హైదరాబాద్‌లో చదువుకోవడానికి పోయిన మా పిల్లలు కొందరు హాస్టల్లో 'ఓబ్' అనో, ఇంటిపేరుతోనో చలామణీ అయ్యేవాళ్లు. గెజిట్‌లో మార్చుకున్నవాళ్లూ ఉన్నారు. నాకు వాళ్ల మీద కోపం లేదు, బాధ మాత్రం ఉంది.

మీ బాబును ఏడిపిస్తారా? ఆ సినిమాలు చూసినవాళ్లు అమెరికా బడిలో మీవాడి పక్కన కూర్చోరు. వాళ్లకు ఓబులేశు, ఆర్యాన్ష్ రెండూ ఒకే దూరం. పైగా పలకడానికి ఇది చాలా పేర్లకన్నా సులువు. ఇందులో జ్ఞ లేదు, హృ లేదు, ఒత్తు లేదు, ళ లేదు. ఓ-బు-లేశ్, మూడు ముక్కలు, అంతే. హృషికేశ్ అని పెట్టి ఏడాది పొడవునా టీచర్లకు పాఠం చెప్పే తల్లిదండ్రులు నాకు తెలుసు. ఏడిపించేది ఎవరైనా ఉంటే అది మన తెలుగువాళ్లే, వారాంతం పార్టీల్లో. "ఇదేం పేరండీ, ఓల్డ్‌గా ఉంది" అనేవాళ్లు ఇద్దరైనా తగులుతారు. వాళ్లకు చెప్పడానికి మీకు పైన కావలసినంత సరుకు ఇచ్చాను.

ఇక ఏ రూపం పెట్టాలి. మీకు నా ఓటు చెప్పమంటే, రికార్డుల్లో అహోబల్, ఇంట్లో ఓబులేశు. ఇది మీ అత్తగారిని, మీవారిని ఇద్దరినీ బుజ్జగించడానికి చెప్పే రాజీ కాదు. గాలి ఓబళయ్య గారు అదే చేశారు. అహోబల్ చెవికి కొత్తగా ఉంటుంది, కానీ వెయ్యేళ్ల మాట. అత్తగారు ఒప్పుకోకపోతే నేరుగా ఓబులేశు అనే పెట్టండి, అందులో తలవంచుకోవాల్సిందేమీ లేదు. వెంకటేశు, మల్లేశు అలవాటైన చెవికి ఇది అలవాటు కావడానికి నెల పట్టదు. వద్దనేది ఒకటే. రికార్డులో 'రేయాన్ష్ ఓబులేశ్' లాంటిది పెట్టి తాత పేరును మధ్యలో దాచకండి. మధ్య పేరు మొదట ఒక అక్షరమవుతుంది, తర్వాత మాయమవుతుంది. తాత పేరు పెట్టామన్న తృప్తి మీకు ఉంటుంది, పిల్లాడికి మాత్రం ఆ పేరు తెలియదు.

నిజంగా మనసు ఒప్పకపోతే అదే కొండ మీద ఇంకా పేర్లున్నాయి. అహోబిలంలో నవ నరసింహులు: జ్వాల, అహోబిల, మాలోల, క్రోడ, కారంజ, భార్గవ, యోగానంద, ఛత్రవట, పావన. భార్గవ అని చాలామంది పెట్టుకుంటారు, కానీ అది అహోబిలంలో ఒక స్వామి పేరని ఎందరికి తెలుసు? మాలోల ఇంకా అందమైన పేరు, 'మా' అంటే లక్ష్మి, ఆమె మీద మనసైనవాడు. అహోబిల మఠం జీయరు స్వాములు ఎక్కడికెళ్లినా వెంట తీసుకెళ్లి పూజించేది ఈ మాలోల నరసింహుడి ఉత్సవమూర్తినే. పావన్ కూడా బాగానే ఉంటుంది, కానీ అందరూ పవన్ అనే పిలుస్తారు, మీరు దిద్దుతూ కూర్చోవాలి. అత్తగారికి మాత్రం ఇవేవీ ఓబులేసు కావు, ఆమె మాటలో న్యాయముంది. ఆవిడ అడుగుతున్నది దేవుడి పేరు ఒక్కటే కాదు, మామగారి పేరు కూడా.

నక్షత్రం పట్టింపు ఉంటే ఒక మాట. 'ఓ' రోహిణి మొదటి పాదానిది. రోహిణికి ఓ, వా, వీ, వూ. ఓ అక్షరం వస్తే తల్లిదండ్రులు తల పట్టుకుంటారు, ఓంకార్ తప్ప పేరు దొరకదని. మీవాడు ఆ పాదంలో పుడితే సమస్యే లేదు. 'అ' కృత్తిక మొదటి పాదం, అప్పుడు అహోబల్ సరిగ్గా సరిపోతుంది. స్వాతి అయితే అక్షరాలు రూ, రే, రో, తా కాబట్టి ఈ పేరు పొసగదంటారు. కానీ స్వాతి స్వయంగా నరసింహస్వామి జన్మ నక్షత్రం, ప్రతి నెలా ఆ రోజున నరసింహాలయాల్లో విశేష పూజలు చేస్తారు. ఆ నక్షత్రంలో పుట్టినవాడికి అక్షరం చూడకుండా స్వామి పేరు పెట్టేవాళ్లు మా వైపు ఉన్నారు. వేరే ఏ నక్షత్రమైనా సరే, నామకరణంలో చెవిలో చెప్పే జన్మనామం వేరుగా పెట్టుకుని, పిలిచే పేరు ఓబులేశు అనుకోవచ్చు. పురోహితుణ్ణి అడగండి, కాదనడు.

చివరగా స్పెల్లింగ్ సంగతి, ఇది అశ్రద్ధ చేయకండి. తాతగారి పత్రాల్లో ఈ పేరు కనీసం మూడు రకాలుగా ఉండి ఉంటుంది. పొలం పాసుపుస్తకంలో ఒకలా, ఓటరు జాబితాలో ఒకలా, బ్యాంకులో ఇంకోలా. 'లే' తర్వాత ఎస్ పెట్టాలా, ఎస్ హెచ్ పెట్టాలా, చివర యూ ఉండాలా వద్దా అన్నది ఎవరి ఇష్టం వారిదైపోయింది. బాబు విషయంలో బర్త్ సర్టిఫికెట్‌కు ఇచ్చే ముందే ఒకటి ఖాయం చేసుకుని పాస్‌పోర్టు, ఓసీఐ కార్డు, అన్నింట్లోనూ అదే ఉండేలా చూసుకోండి. చివర యూ లేకుండా ఎస్ హెచ్‌తో ముగిస్తే అక్కడివాళ్లు సరిగ్గా పలుకుతారు, యూ పెడితే 'ఓబులేసూ' అని సాగదీస్తారు. ఇంటిపేరు గడిలో ఇంటిపేరే రాయండి, పొరపాటున కూడా ఓబులేశ్‌ను ఆ గడిలోకి పోనివ్వకండి. పోయిందంటే రేపు బడిలో ఆ పేరుతో పిలిచేది పిల్లాణ్ణి ఒక్కణ్ణే కాదు, మీ ఇంటిల్లిపాదినీ మిస్టర్ ఓబులేశ్, మిసెస్ ఓబులేశ్ అంటారు. మీ అత్తగారు ఆ మాట వింటే మాత్రం సంతోషిస్తారేమో!